రెగేకి గ్రామీ వచ్చింది.. మన డప్పు పేరు ఎక్కడ రాశారు?

మునగపాక మండలంలో ఏ ఊరి తీర్థానికైనా వెళ్లండి. ముందుగా చెవిన పడేది డప్పే. గడ్డి మంట చుట్టూ నలుగురు కూర్చుని, తోలు బిగిసేదాకా డప్పులు కాచుకుంటారు. ఆ చప్పుడు మొదలయ్యాకే ఊరేగింపు కదులుతుంది, పులివేషగాడి కాలు లేస్తుంది. ఇప్పుడు ఆ తీర్థం ఫ్లెక్సీ చూడండి. చందా ఇచ్చినవాళ్ల పేర్లుంటాయి, నాయకుల ఫొటోలుంటాయి, ఆర్కెస్ట్రా పేరుంటుంది. డప్పు కొట్టేవాళ్ల పేర్లు మాత్రం వెతికినా దొరకవు. ఊరికి వాళ్లు 'డప్పులోళ్లు', అంతే.

ఊరి ఫ్లెక్సీ మీదే లేని పేరు ఢిల్లీ అవార్డుల జాబితాలోకి ఎలా వెళుతుంది? ఈ ప్రశ్న మనకొక్కరికే ఎదురైంది కాదు. సముద్రాల అవతల జమైకాలో నల్లజాతి పేదల సంగీతానికీ ఇదే ఎదురైంది. ఆ కథ తెలిస్తే మన కథ కొంచెం తేలిగ్గా అర్థమవుతుంది.

జమైకాలో ఏం జరిగింది?

రెగే 1960ల చివర్లో కింగ్‌స్టన్ మురికివాడల్లో పుట్టింది. దానికి ఆత్మనిచ్చింది రస్తఫారీలు. వాళ్లను అక్కడి పెద్దమనుషులు మనుషులుగా కూడా చూడలేదు. 1963లో కోరల్ గార్డెన్స్ దగ్గర జరిగిన గొడవ తర్వాత పోలీసులు, సైన్యం రస్తాలను వేటాడారు. కొట్టి జైళ్లలో వేశారు, జడలు కత్తిరించారు. దానికి జమైకా ప్రధాని క్షమాపణ చెప్పింది 2017లో. మధ్యలో 54 ఏళ్లు గడిచిపోయాయి.

అవార్డులూ అంతే ఆలస్యం. బాబ్ మార్లే 1981 మే నెలలో చనిపోయాడు. ప్రపంచమంతా ఆయన పాట పాడుతున్నా, బతికుండగా ఒక్క గ్రామీ కూడా రాలేదు. జమైకా ప్రభుత్వం 'ఆర్డర్ ఆఫ్ మెరిట్' ఇచ్చింది కూడా 1981లోనే, ఆయన మరణశయ్య మీద ఉన్నప్పుడు. గ్రామీలో రెగేకి విడిగా ఒక విభాగం 1985లో మొదలైంది, తొలి అవార్డు బ్లాక్ ఉహురు బృందానికి వెళ్లింది. పీటర్ టాష్ 1987లో హత్యకు గురయ్యాడు, ఆయన గ్రామీ 1988లో వచ్చింది. ఆ విభాగంలో ఒక మహిళ సోలో కళాకారిణిగా గెలవడానికి 2020లో కాఫీ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. రెగేని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది 2018లో.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 1985లో రెగే కొత్తగా గొప్పదైపోలేదు. గడి కొత్తగా వచ్చింది. అవార్డు ఫారంలో నీ సంగీతానికి గడి లేకపోతే నువ్వెంత గొప్పగా వాయించినా లెక్కలోకి రావు.

మన గడులు ఎవరు గీశారు?

మన దేశంలో కళాకారులకు ప్రధానంగా రెండు జాతీయ గుర్తింపులున్నాయి. ఒకటి 1954లో మొదలైన పద్మ పురస్కారాలు. రెండోది 1953లో ప్రారంభమైన సంగీత నాటక అకాడమీ ఇచ్చే అవార్డులు.

అకాడమీ అవార్డుల్లో 'సంగీతం' అంటే మొదట హిందుస్తానీ, కర్ణాటక సంగీతాలే. డప్పు, కిన్నెర, తోలుబొమ్మలాట లాంటివి 'సంప్రదాయ, జానపద, గిరిజన' కళల గడిలోకి వెళతాయి. అంటే సభలో వాయిస్తే సంగీతం, వీధిలో వాయిస్తే జానపదం. మృదంగం మీదా తోలే, డప్పు మీదా తోలే. మృదంగానికి తోలు బిగించే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాసేదాకా సభల్లో కూర్చునే చాలామందికి ఆ ఆలోచనే రాలేదు. వాయించినవాడికి బిరుదులు, చేసినవాడు గడప బయట.

ఇంకో చిక్కుంది. అవార్డు ఒక మనిషి పేరు అడుగుతుంది. డప్పు ఒక్కరు కొట్టేది కాదు, దళం కొట్టేది. అవార్డు గురువు పేరు, ప్రదర్శనల జాబితా, పేపర్ కటింగులు అడుగుతుంది. యాభై ఏళ్లు చావులకీ, పెళ్లిళ్లకీ, చాటింపులకీ కొట్టిన మనిషి దగ్గర ఏ కాగితం ఉంటుంది? చాటింపుకి ఎవరైనా సర్టిఫికెట్ ఇచ్చారా?

అందుకే మన పుస్తకానికి దొరికిన గుర్తింపు మన వాద్యానికి ఇంకా ఆలస్యంగా దొరికింది. గుర్రం జాషువాకి 1970లో పద్మభూషణ్ వచ్చింది. బోయి భీమన్నకి 1973లో పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకి పద్మశ్రీ వచ్చింది 2022లో.

ఈమధ్య తలుపు కొంచెం తెరుచుకుంది

మొగిలయ్య తర్వాత 2023లో కర్ణాటక తమటె కళాకారుడు మునివెంకటప్పకి, 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకి, 2025లో తమిళనాడు పరై కళాకారుడు వేలు ఆసాన్‌కి పద్మశ్రీ వచ్చింది. తమటె, పరై అంటే వేరే ఏమీ కాదు, మన డప్పుకి అన్నదమ్ములే.

కానీ తలుపు ఎవరికి తెరుస్తారన్నదీ చూడాలి. 2025 పద్మ పురస్కారాలకి తెలంగాణ ప్రభుత్వం గద్దర్, అందెశ్రీ, గోరటి వెంకన్న పేర్లు పంపింది. ఒక్కరికీ రాలేదు. గద్దర్‌కి ఇచ్చేది లేదని కేంద్రమంత్రి బండి సంజయ్ బాహాటంగానే అన్నారు. వాద్యం వారసత్వంగా కనిపిస్తే సత్కరిస్తారు. అదే వాద్యం ప్రశ్న అడిగితే పక్కన పెడతారు. రెగే విషయంలోనూ పాలకులకు నచ్చింది ప్రేమ గీతమే, ఆకలి గీతం కాదు.

మెడల్ తర్వాత ఏముంది?

పద్మశ్రీతో నగదు రాదు. 2024 మే నెలలో మొగిలయ్య హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణం దగ్గర కూలి పని చేస్తున్న వీడియో అందరం చూశాం. రాష్ట్రపతి చేతుల మీదుగా పతకం అందుకున్న చేతులే ఇటుకలు మోశాయి. గౌరవం గోడకి వేలాడుతుంది, పొయ్యి మీదికి రాదు.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకి నెలనెలా పింఛను ఉంది. 2024 జూలై నుంచి అది 4,000 రూపాయలైంది. డప్పు కొట్టడం ఒక కళ, ఒక వృత్తి అని ప్రభుత్వ కాగితం మీద రాసి ఉన్న చోటు ఇది. పద్మశ్రీ ఏటా ఒకరికో ఇద్దరికో వస్తుంది. పింఛను ప్రతి వాడలో అర్హుడికి రావాలి. అందుకే మునగపాకలో మొదట అడగాల్సిన ప్రశ్న 'పద్మశ్రీ ఎప్పుడు' అని కాదు, 'మన వాడలో అర్హులందరికీ పింఛను అందుతోందా' అని.

అసలు ఈ గుర్తింపు మనకి కావాలా?

ఈ మాట మనవాళ్లే అడుగుతారు, అడగాలి కూడా. డప్పు మన తాతలు ఇష్టపడి ఎంచుకున్నది మాత్రమే కాదు, కులం వాళ్ల మెడలో వేసింది. చావు కబురు చెప్పు, చాటింపు వెయ్యి, ముందు నడువు, పక్కన కూర్చోకు.. ఈ వెట్టి వద్దని డప్పు దించేసిన ఊళ్లున్నాయి. అది ఆత్మగౌరవ పోరాటమే. అదే డప్పుని ఉద్యమాలు మళ్లీ ఎత్తుకున్నాయి. వర్గీకరణ కోసం ఎమ్మార్పీఎస్ 'లక్ష డప్పులు - వేయి గొంతులు' అని పిలుపునిచ్చింది. ఒకచోట దించడం, ఒకచోట ఎత్తడం.. రెండింటిలోనూ నిర్ణయం మనదే కావడం ముఖ్యం.

కాబట్టి మనం అడగాల్సింది చాకిరీకి సత్కారం కాదు, కళాకారుడికి హక్కు. కొట్టాలా వద్దా అన్నది అతని ఇష్టం, కొడితే రేటు అతను చెప్పాలి, పేరు ఫ్లెక్సీ మీద ఉండాలి.

విద్యార్థులు చేయగలిగింది

పద్మ పురస్కారానికి ఎవరైనా ఎవరినైనా నామినేట్ చేయొచ్చు, తన పేరు తనే పంపుకోవచ్చు కూడా. ఏటా ఆన్‌లైన్‌లోనే నామినేషన్లు తీసుకుంటారు. 800 పదాలకు మించకుండా ఆ మనిషి కృషి గురించి రాయాలి. ఆ రాతకి ముడిసరుకే మన దగ్గర లేదు.

దాన్ని తయారుచేయడం మన పని. మీ వాడలో పెద్ద డప్పు కళాకారుడి దగ్గర కూర్చోండి. పేరు, వయసు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్ని రకాల దరువులు వచ్చు, ఏ దరువు ఎప్పుడు కొడతారు, ఏ ఊళ్లలో కొట్టారు.. రాసుకోండి. ఫోన్‌లో దరువులు రికార్డు చేయండి, తేదీ వేయండి. దళంలో అందరి పేర్లూ రాయండి, వాళ్ల అనుమతి తీసుకోండి. అవార్డు రాకపోయినా పింఛను దరఖాస్తుకి, రేపటి పరిశోధనకి ఆ కాగితం పనికొస్తుంది.

వచ్చే తీర్థానికి ఫ్లెక్సీ వేసేటప్పుడు కమిటీ వాళ్లని ఒక్క మాట అడగండి: డప్పు దళం పేర్లు ఎక్కడ? ఢిల్లీ గడి కన్నా ముందు మనం గెలవాల్సిన గడి అదే.