మాత్రలు, కోడిపెట్టలు, అండాశయ కాన్సర్

పదవ తరగతిలో పునరుత్పత్తి పాఠం చెబుతున్నాను. గర్భనిరోధక మాత్రల సంగతి రాగానే ఎప్పటిలాగే వెనక బెంచీలలో కిసకిసలు. గంట కొట్టాక ఒక అమ్మాయి వచ్చి, "మాస్టారూ, ఆ మాత్రలు మింగితే కాన్సర్ వస్తుందని మా పిన్నితో ఎవరో అన్నారట. నిజమేనాండీ?" అని అడిగింది. "కొన్ని కాన్సర్లు వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుంది, కొన్నింటిది తగ్గుతుంది" అన్నాను. ఒకే మాత్రకు రెండు గుణాలా అని ఆమె తెల్లబోయింది. మీకూ అలాగే అనిపిస్తుంది. అండాశయ కాన్సర్ తగ్గుతుందని ఎలా కనిపెట్టారో చూద్దాం.

ముందు కోడిపెట్ట దగ్గరకు వెళ్ళాలి! గుడ్ల కోసం పెంచే పెట్ట దాదాపు రోజూ ఒక గుడ్డు పెడుతుంది. వయసు మీరిన పెట్టలలో అండాశయ కాన్సర్ తరచుగా కనిపిస్తుంది. తక్కిన జంతువులలో అది అరుదు. ఫతల్లా అనే ఈజిప్టు వైద్యుడు 1971లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో ఒక ఊహను ప్రతిపాదించాడు. స్త్రీలో నెలకొక అండం విడుదలవుతుంది. అది బయటపడేటప్పుడు అండాశయం పైపొర చిట్లుతుంది. ఆ గాయం మానడానికి అక్కడి కణాలు విభజన చెందాలి. విభజన ఎన్నిసార్లు జరిగితే పొరపాటు దొర్లడానికి అన్ని అవకాశాలు. గర్భిణిగా ఉన్నన్నాళ్ళూ అండం విడుదల కాదు. ఎక్కువమంది పిల్లల్ని కన్న తల్లులలో ఈ కాన్సర్ తక్కువే. మన ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ వంటి మాత్రలలోని హార్మోన్లు చేసే ముఖ్యమైన పని కూడా అండం విడుదలను ఆపడమే కదా!

ఊహ బాగున్నంత మాత్రాన నిజమైపోదు. ప్రయోగం చేద్దామంటే, సగంమందికి అసలు మాత్రలు, సగంమందికి మందులేని ఉత్తుత్తి మాత్రలు ఇవ్వాలి. ఉత్తుత్తి మాత్రల వారికి గర్భం వస్తే ఎవరు జవాబు చెబుతారు? పైగా ఈ జబ్బు ఎక్కువగా యాభై దాటాక వస్తుంది. అందాకా ఎవరు కాచుకుని కూర్చుంటారు?

అందుకని చాలామంది పరిశోధకులు వెనక్కు నడిచారు. జబ్బు వచ్చినవారినీ, రానివారినీ కలుసుకుని, "మీరెప్పుడైనా మాత్రలు వాడారా? ఎన్నేళ్ళు?" అని అడిగారు. అమెరికాలో ఈ మాత్రలకు అనుమతి వచ్చింది 1960లో. కాబట్టి తగినంతమంది దొరకడానికి కాలం పట్టింది. 21 దేశాలలో జరిగిన 45 పరిశోధనల లెక్కలను ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు ఒక్కచోట చేర్చి 2008లో ప్రకటించారు. జబ్బు వచ్చినవారు 23,257 మంది. వారిలో మాత్రలు వాడినవారు నూటికి 31. జబ్బు రానివారు 87,303 మంది. వారిలో నూటికి 37.

తేడా ఆరేనా అనకండి. మాత్రలు వాడినవారికి పిల్లలు తక్కువ ఉండవచ్చు; వయసులూ వేరు కావచ్చు. అందుకే ఒకే వయసువారిని, ఒకే సంఖ్యలో పిల్లలున్నవారిని పక్కపక్కన పెట్టి పోల్చారు. అప్పుడు తేడా ఇంకా స్పష్టమైంది. ఎన్ని ఎక్కువ ఏళ్ళు వాడితే జబ్బు అంత తక్కువ. మానేసిన ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా కొంత రక్షణ మిగిలింది. నన్నడిగితే ఈ మెట్ల వరుసే అన్నిటికన్నా బలమైన సాక్ష్యం.

సంపన్న దేశాలలో మాత్రలు వాడని వెయ్యిమందిలో 75 ఏళ్ళలోపు సుమారు 12 మందికి ఈ కాన్సర్ వస్తుంది. పదేళ్ళు వాడినవారిలో 8 మందికి. "మూడోవంతు తగ్గింది" అని రాస్తే గొప్పగా ఉంటుంది; "వెయ్యికి నలుగురు" అంటేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇక రెండో గుణం. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ నిపుణులు ఈ హార్మోన్ల మాత్రలను కాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు. వాడుతున్నంతకాలం రొమ్ము కాన్సర్, ఏళ్ళ తరబడి వాడితే గర్భాశయ ముఖద్వార కాన్సర్ వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది. మానేశాక అది క్రమంగా తగ్గుతుంది. మన దేశపు స్త్రీలలో ఈ రెండూ అండాశయ కాన్సర్ కన్నా ఎక్కువ. కాబట్టి లాభనష్టాల లెక్క అందరికీ ఒకటి కాదు. అమ్మాయి పిన్నిగారికి నేను చెప్పగలిగింది, తన లెక్క డాక్టరుతో కూర్చుని వేసుకోమనే.

కోడిపెట్ట కథలో తర్వాత ఒక మలుపు వచ్చింది. ఎక్కువగా కనిపించే రకం అండాశయ కాన్సర్ చాలావరకు అండాశయంలో కాక, దాని పక్కనే ఉన్న ఫాలోపియన్ నాళపు చివరి కుచ్చులో మొదలవుతుందని ఈ శతాబ్దంలో బయటపడింది. అయితే పైపొర గాయం అన్న వివరణ ఒక్కటే చాలదు. అండంతోపాటు వెలువడే ద్రవం ఆ కుచ్చును తడుపుతుంది. అక్కడి కణాలను ఆ ద్రవమే చెడగొడుతున్నదా అని ఇప్పుడు శోధిస్తున్నారు.