పట్టాల కంటే ముందు పైకం

కలకత్తాలో భూగర్భ రైలు మార్గానికి 1972 డిసెంబరులో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. తొలి రైలు కదిలింది 1984 అక్టోబరు 24న. అదీ ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ వరకు, మూడున్నర కిలోమీటర్లకు లోపే. కిక్కిరిసిన నగరం నడుమ తవ్వకం కష్టమే. కాని తొలి సంవత్సరాలలో నిధుల కొరత చేసిన చేటు తక్కువది కాదు. ఖర్చు రైల్వే శాఖదే అయినా పైకం చాలీచాలకుండా వచ్చింది. మంజూరు కావడం వేరు, సొమ్ము చేతికందడం వేరు.

విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతం ఇంకా మొదటి మెట్టు మీదనే నిలిచింది. ఈ ప్రాంతంలోను, విశాఖపట్నంలోను మెట్రో రైలు సాధ్యాసాధ్యాలను ఏడాదిలోగా పరిశీలించి, సత్వరం నిర్ణయం తీసుకోవాలని 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం కేంద్రాన్ని ఆదేశించింది. ప్రజలు దానిని వాగ్దానమనుకోవడం సహజమే. అయితే ఆ వాక్యంలో ఉన్నది పరిశీలన మాటే. రూపాయి ప్రసక్తి లేదు.

ఢిల్లీ మెట్రో సంస్థ 2015లో విజయవాడకు సుమారు 26 కిలోమీటర్ల పథకం సిద్ధం చేసింది. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం ప్రకటించి, దాని ప్రకారం మళ్లీ పంపమన్నది. ఆ విధానంలో సహాయానికి మూడు మార్గాలున్నాయి: ప్రైవేటు భాగస్వామ్యంతో లోటు భర్తీ నిధి, వ్యయంలో పది శాతం గ్రాంటు, కేంద్ర రాష్ట్రాల సమాన వాటా. సమాన వాటా అన్నప్పుడు ఖర్చులో చెరిసగమని భ్రమపడరాదు. సమానమైనది మూలధనంలో వాటా. తక్కినదానిలో పెద్ద భాగం అప్పే. ఢిల్లీ తొలి దశ వ్యయంలో అధిక భాగం జపాను ఋణం. నడిపేటప్పుడు వచ్చే నష్టం రాష్ట్రం నెత్తిన పడుతుంది.

అందుచేతనే తేలికపాటి రైలు ఆలోచన ముందుకు వచ్చింది. గంటకు ఒక దిశలో 15,000 మందికి మించని నగరాల కోసం కేంద్రం 2019లో ‘మెట్రోలైట్’ ప్రమాణాలను ప్రకటించింది. చిన్న రైళ్లు, సాధ్యమైనంతవరకు నేలమీదనే పట్టాలు. కలకత్తా ట్రాముకు దూరపు చుట్టమనవచ్చు. ఖర్చు బాగా తగ్గుతుంది.

పైగా ఈ మూడు ఊళ్లను కలుపుతూ రైలు పట్టాలు ఏనాటి నుంచో ఉన్నాయి. వాటి మాట ఎవరూ గట్టిగా ఎత్తకపోవడం వింతగానే ఉంది. హైదరాబాదులో 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. పాత పట్టాల మీదనే నడిచింది. ఖర్చును రాష్ట్రమూ రైల్వేలూ చెరిసగం భరించాయి. రెండవ దశకు వచ్చేసరికి రాష్ట్రం వాటా మూడింట రెండు వంతులైంది. ఆ సొమ్ము సకాలంలో అందక పనులు ఏళ్ల తరబడి ఈడ్చుకుపోయాయి.