వాడకపోయినా పాడయ్యే బూట్లు

విదేశం వెళ్లేముందు ఇల్లు ఖాళీ చేసేవాళ్లు ట్రెకింగ్ బూట్ల దగ్గరికొచ్చేసరికి ఒకే మాటంటారు: "గట్టిగానే ఉన్నాయిగా, తిరిగొచ్చాక పనికొస్తాయి." తుడిచి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అమ్మావాళ్లింటి అటకెక్కిస్తారు. కొన్నేళ్లకి అవే వేసుకుని కొండెక్కితే సగం దారిలో సోల్ ఊడిపోతుంది. దుకాణంవాడు నాసిరకం అంటగట్టాడని కొందరు, శనివారం కొన్నందుకే ఇలా అయిందని కొందరు తీర్పు చెబుతారు. వారానికీ సోల్‌కీ ఏ సంబంధమూ లేదు. అటక మీద బూట్లు భద్రంగా ఉంటాయనుకోవడమే అసలు పొరపాటు.

నేలకు తగిలే పళ్ల రబ్బరుకు సాధారణంగా ఏమీ కాదు. దాని చరిత్ర చెప్పకుండా ఉండలేను. 1935లో ఆల్ప్స్ ప్రమాదంలో ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. సరైన పాదరక్షలు లేకపోవడమూ ఒక కారణమని భావించిన ఇటలీవాడు విటాలే బ్రమానీ, 1937లో ఈ రబ్బరు సోల్ తెచ్చాడు. ఆ సోల్ బ్రాండు పేరు విబ్రమ్ అన్నది ఆయన పేరులోంచి పుట్టిందే. జర్మనీలో ఒట్టో బేయర్ బృందం పాలీయురెథేన్‌ను కనిపెట్టిందీ ఆ ఏడాదే. నేటి బూట్లు చాలావాటిలో రబ్బరుకూ పైతోలుకూ మధ్య ఉండే మెత్తటి నురుగు పొర ఈ పాలీయురెథేన్‌దే. చిక్కంతా అక్కడే.

ఈ పొరలో ఎక్కువగా వాడే పాలియెస్టర్ రకానికి నీరే శత్రువు. గాలిలోని తేమ లోపలికి చేరి, దాని అణువులను కలిపి ఉంచే ఎస్టర్ బంధాలను తెంచుతుంది. తెగినచోట ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మిగతా బంధాలను మరింత వేగంగా తెగేలా చేస్తుంది. తాళం వేసిన ఇంట్లో చెద పట్టడం లాంటిదే ఇది. గుమ్మం మీది రంగు చెక్కుచెదరదు, వేలితో నొక్కితే లోపలంతా డొల్ల. చెద తిన్నకొద్దీ పెరుగుతుంది, పెరిగినకొద్దీ తింటుంది. మనుషులు మసిలే ఇంట్లో గాలీ వెలుతురూ ఆడి చెదకు అంత సందు దొరకదు. బూటూ అంతే: నడిచేటప్పుడు నురుగు నొక్కుకుని విచ్చుకుంటూ తేమను బయటికి తోస్తుందని తయారీదారులు చెబుతారు. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించడమంటే తలుపులు మూసి ఇల్లు చెదకు అప్పజెప్పడమే. వేడి తోడైతే ఈ చర్య ఇంకా ఊపందుకుంటుంది. విశాఖ, కాకినాడల ఉక్కలో, ఎండకు కాగే స్లాబు కింది అటక ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

వాడినా వాడకపోయినా ఈ పొర ఆయుష్షు తయారైన నాటినుంచి సుమారు 5 నుంచి 10 ఏళ్లు. అందుకే సగం ధరకు దొరికే పాత స్టాకు బేరం కాదు. పక్కవైపు నురుగును గోటితో గట్టిగా నొక్కి చూడండి. పొడి రాలినా, జిగురుగా తగిలినా, సన్నటి పగుళ్లు కనిపించినా ఆ జత పని అయిపోయినట్టే. దయచేసి దాన్ని ఇంకెవరికీ దానం చేయకండి, కొండ మీద వాళ్ల కాలు విరుగుతుంది. మధ్య పొర ఇవీఏ అనే వేరే రకం నురుగైతే తేమకు ఇలా పొడి కాదు, వాడగా వాడగా అణిగిపోతుంది.

కొత్త జతను ప్రయాణానికి నెలా రెండు నెలల ముందే, పాదాలు కాస్త ఉబ్బే సాయంత్రం పూట, మందపాటి మేజోళ్లతో వేసి చూసి కొనండి. సామాను సర్దేటప్పుడు అవే వేసుకుని అట్టపెట్టెలు మోస్తూ మెట్లెక్కి దిగితే కాలికి అలవాటుపడతాయి. విమానంలోనూ కాళ్లకే ఉంచుకుంటే లగేజీ బరువు తగ్గుతుంది.

న్యూజిలాండ్‌కో ఆస్ట్రేలియాకో వెళ్తూ వాడిన బూట్లు తీసుకెళ్లేవాళ్లకు ఇంకో సంగతి. సోల్ పళ్ల మధ్య ఇరుక్కున్న మట్టిలో మొక్కల తెగుళ్లు ప్రయాణిస్తాయి. న్యూజిలాండ్‌లో వందల ఏళ్ల కౌరీ చెట్లను వేళ్లనుంచి చంపుతున్న ఫైటోఫ్తోరా తెగులు మట్టి ద్వారానే పాకుతోంది. దాన్ని ఆపడానికి అడవి దారుల మొదట్లో బూట్లు కడిగే ఏర్పాట్లు పెట్టారు, కొన్ని దారులు మూసేశారు. పాత టూత్‌బ్రష్షుతో ఆ పళ్ల సందులన్నీ తోమి, పూర్తిగా ఆరబెట్టి పెట్టెలో పెట్టండి. ప్రయాణికుల డిక్లరేషన్‌లో వాడిన బూట్లున్నాయని తప్పక రాయండి. రాయకుండా దొరికితే న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా పడుతుంది. రాసి, శుభ్రంగా ఉంచుకున్నవాళ్ల బూట్లను చూసి తిరిగిచ్చేస్తారు.