మీకు తెలుసా? గంజాయిలో ఏది దేనికి తోడు?

టెక్కలి పక్కన రావివలసలో మల్లికార్జున స్వామి ఆరుబయట ఎండలోనే ఉంటాడు. అందుకే ఎండల మల్లన్న. రామరావణ యుద్ధం ముగిశాక వానర వైద్యుడు సుషేణుడు ఇటు వచ్చి, కొండ మీది మందు మొక్కలు చూసి ఇక్కడే ఉండిపోయాడని స్థలపురాణం. మందు మొక్కల మాటకొస్తే, మన పాత వైద్యులు తరచూ మూలికలను కలిపి వాడారు. శొంఠికి మిరియాలు, పిప్పళ్లు తోడుచేస్తే త్రికటు చూర్ణం. ఒక పదార్థానికి ఇంకొకటి తోడైతే ఒంట్లో ఏం జరుగుతుంది? ఇప్పుడు గంజాయి మొక్క విషయంలో శాస్త్రవేత్తలు తేల్చాలని చూస్తున్నది ఇదే.

● గంజాయి మొక్కలో కన్నాబినాయిడ్లనే పదార్థాలు వందకు పైనే ఉన్నాయి. మత్తెక్కించేది ముఖ్యంగా టీహెచ్‌సీ. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషూలం, యెహియేల్ గావోని 1964లో దాన్ని వేరుచేసి, నిర్మాణం తేల్చారు. దాని తోబుట్టువు సీబీడీ మత్తెక్కించదు.

● గంజాయి తాళంచెవి అయితే, ఆ తాళం మన మెదడులోనే ఉంది. దాని పేరు సీబీ1 గ్రాహకం. ఆ తాళానికి ఒళ్లు తానే తయారుచేసుకునే చెవి 1992లో దొరికింది. దానికి పెట్టిన పేరు ఆనందమైడ్. మన 'ఆనందం' నుంచి తీసుకున్నదే!

● 'ఎంటూరేజ్ ఎఫెక్ట్', అంటే పరివార ప్రభావం అన్న మాట 1998లో మొదట వాడింది మొక్క గురించి కాదు, మన ఒంటి గురించే. ఒంట్లో పుట్టే 2-ఏజీ అనే పదార్థం పక్కన, సొంతంగా ఏ పనీ చేయని కొన్ని కొవ్వు పదార్థాలు ఉంటే దాని పనితనం పెరిగిందని మెషూలం బృందం గమనించింది. గంజాయికి ఆ మాట తర్వాత అంటుకుంది.

● నాలుగు మిరియాలు నలిపి వాసన చూడండి. ఆ వాసనలో కారియోఫిలీన్ అనే పదార్థానికీ పాలుంది. లవంగంలోనూ ఉంది, గంజాయిలోనూ ఉంది. రోగనిరోధక కణాల మీద ఎక్కువగా ఉండే సీబీ2 గ్రాహకానికి ఇది అతుక్కుంటుందని 2008లో తేలింది. మత్తు మాత్రం ఇవ్వదు. మామిడికాయ ముచ్చిక తుంచగానే వచ్చే వాసనలోని మిర్సీన్ కూడా గంజాయిలో ఉంది. ఒకే వాసన పంచుకున్నంత మాత్రాన గుణం ఒకటే కాదన్నమాట.

● తోడు పనిచేస్తుందనడానికి మన వంటింట్లోనే మంచి ఉదాహరణ ఉంది. పసుపులోని కర్కుమిన్‌కు మిరియాల్లోని పైపరిన్ జోడిస్తే, రక్తంలోకి చేరే కర్కుమిన్ 20 రెట్లు పెరిగిందని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో చూపించారు.

● మరి గంజాయిలో? సీబీడీ తోడుంటే టీహెచ్‌సీ చెరుపు తగ్గుతుందని చాలామంది నమ్మారు. లండన్ కింగ్స్ కాలేజీ వారు 46 మంది ఆరోగ్యవంతులకు రెండూ వేర్వేరు పాళ్లలో ఇచ్చి చూశారు. 2022లో వచ్చిన ఫలితం: జ్ఞాపకశక్తి తగ్గడం, లేనిపోని అనుమానాలు కలగడం వంటివాటిని సీబీడీ ఆపలేదు. మొక్క మొత్తం కలిస్తేనే మంచిదన్న మాటకు గట్టి రుజువు ఇంకా దొరకలేదు.

● తోడు కీడు కూడా చేస్తుంది. మందులను అరగదీసే కాలేయపు ఎంజైములను సీబీడీ అడ్డుకుంటుంది. అప్పుడు వేరే మందు రక్తంలో ఎక్కువై పేరుకోవచ్చు. మూర్ఛకు వాడే క్లోబజామ్, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు వాడే టాక్రోలిమస్ ఇందుకు ఉదాహరణలు. కిడ్నీ జబ్బులతో ఇంటింటా మాత్రల డబ్బాలున్న మన ఉద్దానంలో ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

● 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం పూత, కాయ ఉన్న కొసలే గంజాయి. 20 కిలోలు దాటి పట్టుబడితే కనీసం పదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా.

మందుగా పనికొచ్చే గంజాయి పదార్థాన్ని శుద్ధిచేస్తారు, కొలత కడతారు, వైద్యుడు రాసిస్తే ఇస్తారు. రోడ్డు మీద దొరికే పొట్లంలో ఏది ఎంత ఉందో అమ్మేవాడికీ తెలియదు. 'మొక్కే కదా, ఏం కాదు' అని ఎవరైనా మీ పిల్లలతో అంటే, ఈ పేజీ వాళ్లకు చదివి వినిపించండి. ఇప్పటికే మందులు వాడుతున్నవారు సీబీడీ నూనె చుక్క కూడా వైద్యుణ్ని అడక్కుండా వేసుకోకండి.