పెద్దల పంతము – బాలికల యాట

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములందు బిడ్డలను ఫుట్‌బాలాటకు పంపగోరు తల్లులు మమ్మొక ప్రశ్న యడుగుచుందురు: "రెండు సంఘములవారు పిలుచుచున్నారు, ఎవరి జట్టునకు పంపవలెను?"

ఇది చిన్న ప్రశ్న కాదు. జిల్లా సంఘము రాష్ట్ర సంఘమునకును, అది అఖిల భారత సమాఖ్యకును, ఆ సమాఖ్య ప్రపంచ సంస్థయగు ఫిఫాకును లోబడియుండును. ఈ గొలుసులో నొక్క లంకె తెగినను బాలిక దారి మూసికొనిపోవును.

2022లో పైలంకెయే తెగినది. సమాఖ్య యెన్నికలు సకాలమున జరుగనందున మే 18న సుప్రీంకోర్టు పాలకమండలి నొకదానిని నియమించెను. ఇతరుల జోక్యము కూడదని ఫిఫా ఆగస్టు నడుమ మన సమాఖ్యను వెలివేసెను. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్లు దండన స్త్రీలకు దక్కినది. అప్పటికే తాష్కెంటు చేరిన గోకులం కేరళ మహిళా జట్టు ఆసియా పోటీలో నాడకయే మరలినది. మన దేశమున జరుగవలసిన 17 ఏండ్లలోపు బాలికల ప్రపంచపోటీ సందేహమున బడినది.

కోర్టు ఆ మండలిని తొలగించిన పిమ్మట ఆగస్టు 26న నిషేధము వీడినది. అక్టోబరు 11న మన బాలికలు భువనేశ్వరమున బరిలో దిగిరి. మూడాటలును ఓడిరి, అయినను ఆడి యోడిరి గదా!

కావున తల్లులారా! సంఘము పేరులోని ఘనతను జూడక, దానికి ఎవరి గుర్తింపు గలదో, అది యిచ్చు యోగ్యతాపత్రము ఏ పోటీకి, ఏ యుద్యోగమునకు చెల్లునో వ్రాతమూలముగ నడుగుడు. పెద్దలకు పదవి మరల దొరకవచ్చును. బాలికకు పదునారవయేడు మరల రాదు.