ఊడ్పుల వరుస: గ్రాఫిక్స్ కార్డు కథ

యానాంలోని అడవిపొలం చుట్టుపక్కలగానీ, ఏటికి ఆవల కోనసీమలోగానీ ఊడ్పులు చూస్తూ పెరిగినవాళ్లకు గ్రాఫిక్స్ కార్డు ఎలా పనిచేస్తుందో సగం ముందే తెలుసు. చేనంతా ఒక్కరే నాటాలంటే రోజులు పడుతుంది. ఇరవైమంది వరుసకట్టి వంగితే పొద్దు వాలేలోపు మడి పచ్చబడుతుంది. ఎవరి పనీ చిక్కు లెక్క కాదు. నాలుగు మొక్కలు తీసుకోవడం, గుచ్చడం, ఓ అడుగు వెనక్కి వేయడం, అంతే. పక్కమనిషి మొక్క నాటేదాకా ఆగక్కర్లేదు. కంప్యూటరు ఆటలో తెరమీద బొమ్మ మొలిచేదీ ఇలాగే.

మామూలు మానిటరులో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం దాదాపు 20.7 లక్షలు. ఆట తడబడకుండా కదలాలంటే సెకనుకు 60 బొమ్మలైనా కావాలి. అంటే ప్రతి సెకనుకూ 12 కోట్లకు పైగా చుక్కలకు ఏ రంగు వేయాలో తేల్చాలి. కంప్యూటరుకు మెదడనే ప్రాసెసరు మంచి మేస్త్రీ. ఎంత మెలిక ఉన్న పనైనా చేస్తుంది, కానీ దానికి చేతులు తక్కువ. మేస్త్రీ చేత ఊడ్పులు చేయిస్తే అటు మేడా లేవదు, ఇటు చేనూ నిండదు. 1990ల మొదట్లో ఇళ్లలోని కంప్యూటర్ల పరిస్థితి ఇదే.

ఆటలోని ఇల్లూ, చెట్టూ, మనిషీ అన్నీ చిన్నచిన్న త్రిభుజాల కూర్పు. త్రిభుజమే ఎందుకు? నాలుగు కాళ్ల పీట ఎగుడుదిగుడు గచ్చుమీద ఊగుతుంది, మూడు కాళ్లది ఊగదు. ఏ మూడు బిందువులైనా ఒకే తలంమీద కుదురుతాయి కాబట్టి లెక్క తేలిక. ఈ చిన్న సంగతి ఒక సంస్థ ప్రాణంమీదికి తెచ్చింది. జెన్సెన్ హువాంగ్, క్రిస్ మాలచోస్కీ, కర్టిస్ ప్రీమ్ కలిసి 1993లో అమెరికాలో ఎన్విడియాను స్థాపించారు. 1995లో వచ్చిన వారి మొదటి చిప్పు త్రిభుజాలను కాదని వంపు తలాలతో బొమ్మలు కట్టింది. మైక్రోసాఫ్ట్ మాత్రం విండోస్ ఆటలకు త్రిభుజాల దారే పట్టింది. చిప్పు అమ్ముడుపోలేదు, సంస్థ మునిగే దాకా వచ్చింది. 1997లో త్రిభుజాలకు మారి చేసిన రివా 128 దాన్ని గట్టెక్కించింది.

ఆ లోపు, 1996లో, త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ కార్డు ఆటగాళ్ల మనసు దోచింది. దాని జ్ఞాపకశక్తి 4 మెగాబైట్లే. అది త్రీడీ బొమ్మలు తప్ప మరేమీ గీయలేదు కూడా. మామూలు తెరకు ఇంకో కార్డు ఉంచి, రెండింటినీ తీగతో కలపాల్సి వచ్చేది. అయినా జనం కొన్నారు, ఎందుకంటే గరుగ్గా గళ్లుగళ్లుగా కనిపించే గోడలు ఆ కార్డుతో నున్నగా మారేవి. 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256ను తెచ్చి దానికి ‘జీపీయూ’, అంటే గ్రాఫిక్స్ ప్రాసెసరు, అని పేరు పెట్టింది. సెకనుకు కనీసం కోటి బహుభుజులను లెక్కకట్టగలగడం ఆ పేరుకు వాళ్లు పెట్టిన కొలత. త్రిభుజాలను తిప్పడం, వాటిమీద వెలుగు పడే తీరు లెక్కించడం అప్పటిదాకా ప్రాసెసరు మోసిన బరువు. ఈ చిప్పు దాన్ని తన మీదికి తీసుకుంది. మరుసటి ఏడాది చివరికి త్రీడీఎఫ్ఎక్స్ తన ఆస్తులను ఎన్విడియాకే అమ్ముకుంది.

ఈ కథలో మన తెలుగువాడి చెయ్యీ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తర్వాత ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన రాజా కోడూరి 1996లో ఎస్3 అనే గ్రాఫిక్స్ చిప్పుల సంస్థలో చేరారు. అక్కడినుంచి ఏటీఐకి, ఆపిల్‌కు వెళ్లి, 2013లో ఏఎండీకి వచ్చారు. 2015లో ఏఎండీ తన గ్రాఫిక్స్ విభాగమైన రేడియాన్‌ను ఆయన చేతిలో పెట్టింది. 2016లో అక్కడినుంచి వచ్చిన ఆర్‌ఎక్స్ 480 ప్రారంభ ధర 199 డాలర్లు. మధ్యతరగతి ఇంటికి అందే ధరలో మంచి ఆట అనేది ఆ కార్డు లక్ష్యం. 2017లో ఆయన ఇంటెల్‌కు వెళ్లి, 2022లో వెలువడిన ఆర్క్ కార్డుల తయారీకి నడుం కట్టారు. ఎన్విడియాకూ ఏఎండీకీ నేడు హైదరాబాదులో ఇంజినీరింగు కేంద్రాలున్నాయి.

ఇప్పుడు కొనేవాళ్ల మాట. కార్డు ఎంత పెద్దదైతే ఆట అంత బాగుంటుందన్న నమ్మకం చాలా ఇళ్లలో డబ్బు వృథా చేయిస్తోంది. వ్యూహాల ఆటల దగ్గరే ఈ పొరపాటు ఎక్కువ. పులిజూదం ఆడినవాళ్లకు తెలుసు, అక్కడ కష్టం గీతలు గీయడంలో లేదు, ఎత్తు వేయడంలో ఉంది. 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ఒక్కో ఆటగాడికి 200 మంది వరకు సైనికులూ, పనివాళ్లూ. ఎనిమిదిమంది ఆడితే 1600. చెట్టు తప్పించుకుని ఎవరు ఏ దారిన పోవాలో, ఎవరి బాణం ఎవరికి తగిలిందో తేల్చేది ప్రాసెసరే.

ఆ ఆటలో నేర్పైన ఏర్పాటు ఒకటుంది. టెలిఫోను మోడెం సన్నని దారిలో వందల సైనికుల కబుర్లు పంపడం కుదరదు. అందుకని ఆటగాడి ఆజ్ఞలను మాత్రమే పంపి, యుద్ధమంతా ప్రతి ఇంటి కంప్యూటరూ తనంతట తాను లెక్కకట్టేలా చేశారు. అందరి లెక్కా అక్షరాలా ఒకటే కావాలి గనుక నిదానంగా నడిచే యంత్రం కోసం మిగతావి ఆగుతాయి. ఒకరి పాత ప్రాసెసరు ఎనిమిదిమంది ఆటనూ నెమ్మదింపజేస్తుంది. కాబట్టి వ్యూహాల ఆటలు ఇష్టమైతే మంచి ప్రాసెసరు, చాలినంత ర్యామ్, ఓ మోస్తరు కార్డు తీసుకోండి. చేతికి అమరే మౌసు వీటన్నిటికన్నా చవక, దాని మేలు మాత్రం రోజూ తెలుస్తుంది. సెకనుకు 144 బొమ్మలు చూపే 144 హెర్ట్జ్ మానిటరు గురికొట్టే ఆటలకు అవసరం. ఎత్తులు ఆలోచించే ఆటకు 60 చాలు.

మన ఏటిగట్టు ఊళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. ఉప్పుగాలీ, తేమా కలిస్తే కార్డు అంచున మెరిసే లోహపు పట్టీలు పాడవుతాయి. వర్షాకాలంలో యంత్రాన్ని నెలల తరబడి మూలన పెట్టకండి. అప్పుడప్పుడు నడిపితే దాని వేడికే తేమ ఆరుతుంది. ఫ్యాను రెక్కల దుమ్ము మెత్తని బ్రష్షుతో తీయండి. పెట్టెను నేలమీద కాక బల్లమీద పెట్టండి. 2022 జులైలో గోదారి వరద యానాం వీధుల్లోకి రావడం చూశాం. ఇక కరెంటు. దుకాణాల్లో సాధారణంగా దొరికే 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దాకే మోస్తుంది. కార్డు, ప్రాసెసరు, మానిటరు వాట్లు కూడి చూసుకున్నాకే కొనండి. కంప్యూటరుకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ దగ్గర, ఎర్తింగు దగ్గర పొదుపు వద్దు. అక్కడ మిగిల్చిన వెయ్యి మొత్తం యంత్రాన్నే బలి తీసుకోవచ్చు.

ఈ కార్డు రెండో జన్మ ఆటగదిలోనే మొదలైంది. వేల చిన్న లెక్కలను ఒకేసారి చేసే చేతులు బొమ్మలకే ఎందుకు, విజ్ఞానానికీ పనికొస్తాయి కదా అని 2007లో ఎన్విడియా ‘కూడా’ అనే సాఫ్ట్‌వేరును విడుదల చేసింది. 2012లో టొరంటోలో చదువుతున్న అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఆటగాళ్లు కొనుక్కునే జీటీఎక్స్ 580 కార్డులు రెండింటితో, ఐదారు రోజుల్లో ఒక కృత్రిమ నాడీజాలానికి ఫొటోల్లో వస్తువులను గుర్తుపట్టడం నేర్పారు. తోటి విద్యార్థి ఇల్యా సట్‌స్కెవర్, గురువు జెఫ్రీ హింటన్‌లతో కలిసి చేసిన ఆ అలెక్స్‌నెట్, ఈనాటి కృత్రిమ మేధకు దారి తెరిచింది. నాడీజాలాలపై తొలినాళ్లలో చేసిన కృషికి హింటన్ 2024లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్నారు.

ఆ రెండు కార్డులకూ ఉన్న జ్ఞాపకశక్తి తలా 3 గిగాబైట్లే. ఈరోజు అడవిపొలంలో ఓ కుర్రాడు ఆటకని కొనే మామూలు కార్డుకు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆట ఆపాక రాత్రంతా ఆ వేల చేతులు ఖాళీగా ఉంటాయి. వాటికి పని చెప్పడం నేర్పే పాఠాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంట్లో ఆ పెట్టె కొనిచ్చిన పెద్దలు, పిల్లవాణ్ణి ఏ ఆటలో గెలిచావని అడిగాక, ఆ చేతులకు ఇవాళ ఏం పని చెప్పావని కూడా అడగాలి.