గేర్ రాడ్ సెట్టింగ్ ఇంట్లోనే చేసుకోవచ్చా? (ఆడి టీటీ మొదటి మోడల్)

ఈ ఎపిసోడ్ గేర్ రాడ్ సెట్టింగ్ గురించి. అమెరికాలో ఉంటున్న మన ప్రేక్షకుడు ఒకాయన సెకండ్ హ్యాండ్‌లో ఆడి టీటీ కొన్నారు. 1998 నుంచి 2006 దాకా వచ్చిన మొదటి మోడల్, 1.8 టర్బో, మాన్యువల్ గేర్లు. ఫస్ట్, సెకండ్ గేర్లు వెతుక్కోవాల్సి వస్తోంది, రివర్స్ ఒక్కోసారి అసలు పడటం లేదు. షెడ్డుకి తీసుకెళ్తే గేర్‌బాక్స్ దించాలన్నారట. దించడమంటే మాటలు కాదు, పెద్ద ఖర్చు. అందుకే ఆయన్ని ఒక్కటే అడిగాను: "ఇంజిన్ ఆపేసి గేర్లు వేసి చూశారా?" అని.

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్షండి, పైసా ఖర్చు లేదు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేర్లన్నీ హాయిగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తున్నాయంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అనుమానించాలి. అప్పుడు గేర్ రాడ్ జోలికి పోకండి. ఏదో ఒక్క గేరు మాత్రమే గరగరమంటూ మిగతావన్నీ బాగుంటే అది గేర్‌బాక్స్ లోపల సింక్రో అరుగుదల కావచ్చు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమే బిగుసుకుని, కాస్త నడిచాక సర్దుకుంటే ముందు గేర్ ఆయిల్ సంగతి చూడాలి. ఇంజిన్ ఆపినా గేరు దొరక్కపోతే, రాడ్డు అటూ ఇటూ వదులుగా ఊగుతుంటే, అప్పుడు కేబుళ్ల దగ్గరికి రావాలి. మన ప్రేక్షకుడి కారుది సరిగ్గా ఈ కేసే.

ఈ కారులో గేర్ రాడ్ నేరుగా గేర్‌బాక్స్ మీద ఉండదు. మధ్యలో రెండు కేబుళ్లు ఉంటాయి. ఒకటి రాడ్డు కుడి ఎడమల కదలికని, రెండోది ముందు వెనకల కదలికని మోసుకెళ్తుంది. గేర్‌బాక్స్ పైన ఒక నిలువు షాఫ్ట్ ఉంటుంది. మీరు రాడ్డు పక్కకి జరిపితే అది పైకీ కిందకీ కదులుతుంది, ముందుకో వెనక్కో తోస్తే తిరుగుతుంది. అంతే, మొత్తం యంత్రాంగం ఇదే. (మాజ్దా మియాటా లాంటి కార్లలో రాడ్డు గేర్‌బాక్స్ మీదే కూర్చుంటుంది. అక్కడ సెట్ చేయడానికి కేబుళ్లే ఉండవు. బుష్‌లు, రబ్బరు బూట్లు మార్చుకోవడమే పని.)

మన పాత ఇళ్లల్లో తలుపు కాస్త కిందకి జారితే ఏమవుతుంది? గడియ చిల్లులోకి సగమే దిగుతుంది. వేసినట్టే ఉంటుంది, భుజం ఆనిస్తే ఊడిపోతుంది. కేబుల్ పొడవు తేడా వస్తే గేరు కూడా అంతే. చేతికి పడినట్టే అనిపిస్తుంది, లోపల పళ్లు పూర్తిగా కలవవు. లోడ్ మీద జారి బయటికొస్తుంది, అలా నడిపితే పళ్ల అంచులు తినేస్తాయి. ఇంకో ప్రమాదం, పక్కల సెట్టింగ్ తప్పితే పక్క గేరు పడుతుంది. హైవే మీద ఐదు నుంచి నాలుగు వేయబోతే రెండు పడిందనుకోండి. క్లచ్ వదలగానే చక్రాలే ఇంజిన్‌ని తిప్పేస్తాయి. రెవ్ లిమిటర్ పెట్రోలుని మాత్రమే ఆపగలదు, చక్రాల్ని ఆపలేదు. అందుకే "కొంచెం లూజుగా ఉంది, పర్లేదులే" అనుకోవద్దంటాను.

సెట్టింగ్‌కి ముందు బుష్‌లు చూడండి. కేబుళ్లు గేర్‌బాక్స్ దగ్గర కలిసే లీవర్లకి ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి. వేళ్లతో పట్టుకుని ఆడించండి. ప్లే ఉంటే ముందు అవి మార్చాలి. అరిగిన బుష్ మీద చేసిన సెట్టింగ్ నిలవదు. ఇంజిన్ మౌంట్లు కూడా ఓ చూపు చూడండి. ఇంజిన్ ఎక్కువగా ఊగుతుంటే కేబుల్ చివరలూ దాంతో పాటే ఊగుతాయి.

ఇక పని. కారు సమంగా ఉన్న చోట, ఇంజిన్ చల్లారాక, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. న్యూట్రల్‌లో పని కాబట్టి ఇటుకలు తప్పనిసరి. పైనుంచే అందుతుంది, జాకీ అక్కర్లేదు. బ్యాటరీ, గాలి గొట్టాలు అడ్డొస్తే తీయాలి. బ్యాటరీ తీసే ముందు రేడియో కోడ్ చేతిలో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే పాట వినడానికి మళ్లీ ఇంకో యుద్ధం.

గేర్‌బాక్స్ దగ్గర ఒక్కో కేబుల్ చివర స్ప్రింగ్‌తో ఒక కాలర్ ఉంటుంది. దాన్ని స్ప్రింగ్‌కి ఎదురుగా చివరిదాకా లాగి తిప్పితే అక్కడే లాక్ అవుతుంది. ఇప్పుడు కేబుల్ పొడవు స్వేచ్ఛగా ఉంది. రెండు కేబుళ్లకీ ఇలాగే చేయాలి. తర్వాత నిలువు షాఫ్ట్‌ని కిందికి నొక్కిపట్టి, పక్కనే ఉన్న వంగిన చిన్న కడ్డీని తిప్పి లోపలికి నెట్టండి. షాఫ్ట్ అక్కడే ఆగిపోతుంది. బలం ఉపయోగించొద్దు. సరైన చోట ఉంటే సులువుగా పడుతుంది.

కారు లోపలికి రండి. గేర్ రాడ్ చుట్టూ ఉన్న తోలు కవర్ పైకి తీయండి. రాడ్డుని న్యూట్రల్‌లోనే ఎడమకి, అంటే ఒకటి-రెండు గేర్ల వరుసకి జరిపితే కింద రెండు రంధ్రాలు ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి. కంపెనీ వాళ్లకి దీనికో ప్రత్యేకమైన పిన్ను ఉంది. మనకి 4.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ వెనక భాగం చాలు. అది దూర్చాక అటు గేర్‌బాక్స్, ఇటు రాడ్డు రెండూ ఒకే చోట నిలబడినట్టు.

ఇప్పుడు కాలర్లు వదిలేయండి. స్ప్రింగే వెనక్కి తోసి పొడవుని పట్టేస్తుంది. చాలామంది ఇక్కడే చెయ్యి పెట్టి కేబుల్‌ని కాస్త లాగుతారు, కాస్త తోస్తారు. వద్దండి! పొడవు తేల్చాల్సింది స్ప్రింగు, మన అందాజా కాదు. ఆ తర్వాత వంగిన కడ్డీని వెనక్కి తీయండి, డ్రిల్ బిట్ బయటికి లాగండి. బిట్ మర్చిపోయి గేర్ వేయబోతే ప్లాస్టిక్ విరుగుతుంది.

చెక్ చేయడానికి ఇంకొకరి సాయం కావాలి. రాడ్డు వదిలేస్తే న్యూట్రల్‌లో మూడు-నాలుగు వరుసకి దానంతటదే రావాలి. ఫస్ట్ గేర్ వేసి రాడ్డుని ఎడమకి చివరిదాకా నొక్కి వదలండి. ఆ సమయంలో రెండోవాళ్లు షాఫ్ట్‌ని చూడాలి. సుమారు 1 మిల్లీమీటరు కదిలితే సెట్టింగ్ సరిపోయినట్టు. అలా రాకపోతే మళ్లీ మొదటినుంచి. అన్ని గేర్లూ ముందు ఇంజిన్ ఆపి, తర్వాత స్టార్ట్ చేసి క్లచ్ నొక్కి వేసి చూడండి. రివర్స్‌ని మరీ జాగ్రత్తగా చూడాలి, రాడ్డు కిందకి నొక్కితేనే పడాలి. రోడ్డు మీదకి ఆ తర్వాతే, అదీ ఖాళీ వీధిలో.

షార్ట్ షిఫ్టర్ వేసుకున్నవాళ్లు కూడా ఇదే పద్ధతిలో సెట్ చేయాలి. నా అభిప్రాయం అడిగితే, ముందు బుష్‌లు మార్చి సెట్ చేసి ఒక నెల నడపండి. రాడ్డు దూరం తగ్గితే చేతికి బరువు పెరుగుతుంది, రోజూ ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకి అది సుఖం కాదు.

మన దగ్గర ఫోక్స్‌వాగన్ పోలో, వెంటో మాన్యువల్ నడిపేవాళ్లకీ ఇది పనికొస్తుంది. వాటిలోనూ కేబుల్ గేర్లే, సూత్రం ఇదే. గేర్‌బాక్స్ వేరు కాబట్టి లాక్ కడ్డీ ఎక్కడుందో, పిన్ను సైజు ఎంతో మీ మోడల్ మాన్యువల్‌లో చూసుకుని మొదలుపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో క్లచ్ హైడ్రాలిక్ లైన్‌లోంచి గాలి తీయడం చూద్దాం. ఉంటానండి.